కుకీ ఫైలు ఎర్రర్ లేకుండా లోడ్ అయినా సర్వర్ లాగిన్ పేజీనే ఎందుకు పంపుతోంది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఒక సైటులో బ్రౌజర్‌తో లాగిన్ అయ్యారు. ఎక్స్‌టెన్షన్ సాయంతో అక్కడి కుకీలను, అంటే మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైటు బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారపు ముక్కలను, టెక్స్ట్ ఫైలుగా దించుకున్నారు. పైథాన్ ప్రోగ్రాములో ఆ ఫైలును మొజిల్లా కుకీ జార్‌తో (కుకీలను పట్టి ఉంచే పైథాన్ వస్తువు) లోడ్ చేసి, వెబ్ పేజీలు తెచ్చే రిక్వెస్ట్స్ లైబ్రరీ సెషన్‌కు అప్పగించారు. ఎర్రర్ ఏదీ రాలేదు. కానీ మీ నివేదికల పేజీ అడిగితే లాగిన్ పేజీ వస్తోంది. అదే ఫైలును కమాండ్ లైన్ నుంచి పేజీలు తెచ్చే కర్ల్ అనే సాధనానికి ఇస్తే మాత్రం సరైన పేజీ వస్తోంది. తేడా ఎక్కడుంది?

సూటి సమాధానం: మీ లాగిన్‌ను మోసే కుకీ ఫైలులో ఉంది కానీ, ప్రోగ్రాము దాన్ని సర్వర్‌కు పంపడం లేదు. అది సెషన్ కుకీ, అంటే బ్రౌజర్ మూసేదాకా మాత్రమే ఉండే, గడువు తేదీ లేని కుకీ అయి ఉండాలి. ఎక్స్‌టెన్షన్ దాని గడువు స్థానంలో 0 రాసి ఉంటుంది. కర్ల్ ఆ సున్నాను ‘దీనికి నిర్ణీత గడువు లేదు’ అని అర్థం చేసుకుంటుంది. పైథాన్ ప్రామాణిక లైబ్రరీ మాత్రం దాన్ని అక్షరాలా కాలంగా, అంటే 1970 జనవరి 1గా చదివి, ఎప్పుడో గడువు తీరిన కుకీ అని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.

సరిచేయడానికి రెండు పనులు చేయాలి. మొదటిది, లోడ్ ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు ఇగ్నోర్ డిస్కార్డ్, ఇగ్నోర్ ఎక్స్‌పైర్స్ అనే రెండు ఐచ్ఛికాలకూ ట్రూ ఇవ్వండి. రెండోది, లోడ్ అయిన వెంటనే జార్‌లోని కుకీలన్నిటి మీదుగా ఒక లూపు నడిపి, ఎక్స్‌పైర్స్ విలువ 0గా ఉన్న ప్రతి కుకీకీ ఆ విలువను నన్‌గా (పైథాన్‌లో ‘విలువ లేదు’ అని) మార్చి, డిస్కార్డ్‌ను ట్రూ చేయండి. చాలామంది మొదటి పని చేసి రెండోది వదిలేస్తారు. అప్పుడు కుకీ జార్‌లోకి వస్తుంది, ప్రింట్ చేస్తే కనిపిస్తుంది కూడా. కానీ అభ్యర్థన పంపే క్షణంలో లైబ్రరీ గడువును మళ్ళీ పరీక్షిస్తుంది, అక్కడ అది రాలిపోతుంది. జార్‌లో కళ్ళెదుట కనిపిస్తున్నది సర్వర్‌కు ఎందుకు చేరదో అర్థం కాక గంటలు గడిచిపోయేది ఇక్కడే.

మీ పైథాన్ 3.10 కంటే పాతదైతే ఇంకో అనుమానితుడు ఉన్నాడు. జావాస్క్రిప్ట్‌కు అందకుండా దాచిన కుకీలను హెచ్‌టీటీపీ ఓన్లీ కుకీలు అంటాం. లాగిన్ కుకీలు ఎక్కువగా ఈ రకానివే. ఫైలులో వీటిని గుర్తించడానికి కర్ల్ ఒక పద్ధతి పెట్టింది: వరుస మొదట్లో హాష్ గుర్తు, దాన్ని అంటుకుని హెచ్‌టీటీపీ ఓన్లీ అనే మాట, ఒక అండర్‌స్కోర్, ఆ తర్వాతే డొమైన్. చాలా ఎక్స్‌టెన్షన్లు ఇదే పద్ధతిని అనుసరిస్తాయి. అయితే ఇదే ఫైలులో హాష్‌తో మొదలయ్యే వరుస అంటే వ్యాఖ్య అని అర్థం. పాత పైథాన్ ఆ వరుసలను వ్యాఖ్యలుగా భావించి దాటేస్తుంది. 3.10 నుంచి వాటిని కుకీలుగా గుర్తిస్తోంది. పైథాన్‌ను మార్చడం మీ చేతిలో లేకపోతే, ఆ ముందుమాటను మాత్రం కత్తిరించి వేరే ఫైలులో రాసి దాన్ని లోడ్ చేయండి. పని ముగిశాక ఆ రెండో ఫైలును చెరిపేయడం మరవద్దు.

మీ సమస్యకు ఇంతవరకే చాలు. కానీ ఈ ఫైలు వ్యవహారంలో ఇలాంటి గోతులు ఇంకా ఉన్నాయి. ఒకటి పూడిస్తే మరొకటి ఎదురవుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ ఫైలు పద్ధతి నెట్‌స్కేప్ అనే తొలితరం బ్రౌజర్ సంస్థ కాలం నాటిది. కుకీ అనే ఆలోచనే 1994లో ఆ సంస్థలో లూ మోంటుల్లి చేతుల మీదుగా వచ్చింది. వాళ్ళ బ్రౌజర్ కుకీలను దాచుకున్న టెక్స్ట్ ఫైలు రూపాన్నే కర్ల్, డబ్ల్యూగెట్, పైథాన్ వంటివన్నీ ఇప్పటికీ చదువుతున్నాయి. కుకీలకు ఇప్పుడు ఆధారంగా ఉన్న ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సి 6265, 2011లో వచ్చింది. అది సర్వర్‌కూ బ్రౌజర్‌కూ మధ్య నడిచే హెడర్ల (అభ్యర్థనతో, సమాధానంతో పాటు వెళ్ళే సమాచార వరుసల) గురించి, బ్రౌజర్ పాటించాల్సిన నియమాల గురించి చెబుతుంది. డిస్కు మీద ఫైలు ఎలా ఉండాలో చెప్పదు. అందుకే సున్నా అంటే ఏమిటి, ఖాళీ అంటే ఏమిటి అన్న విషయంలో ఒక్కో సాధనం ఒక్కో మాట అంటుంది. వాటి మధ్య ఇరుక్కునేది మనం.

ఒక వరుసను దగ్గరగా చూద్దాం. ట్యాబ్ ఉన్నచోట ⇥ గుర్తు పెట్టాను:

.ఉదాహరణ.కామ్ ⇥ ట్రూ ⇥ / ⇥ ట్రూ ⇥ 0 ⇥ సెషన్‌ఐడీ ⇥ ఎ7ఎఫ్3...

మొత్తం 7 గడులు. మొదటిది డొమైన్. రెండోది, ఉపడొమైన్లకూ ఈ కుకీ వెళ్ళాలా అన్న జెండా. మూడోది పాత్. నాలుగోది, హెచ్‌టీటీపీఎస్ మీద మాత్రమే పంపాలా అన్న జెండా. అయిదోది గడువు, 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లలో. ఆరోది పేరు, ఏడోది విలువ. చూడటానికి ఇంత తేలికైన వరుసలో తప్పు జరగని గడి ఒక్కటీ లేదు.

మొదటి రెండు గడులు ఒకదానితో ఒకటి ఏకీభవించాలి. డొమైన్ చుక్కతో మొదలైతే జెండా ట్రూ, చుక్క లేకపోతే ఫాల్స్. పైథాన్ దీన్ని గట్టిగా పరీక్షిస్తుంది. ఏ ఒక్క వరుసలో ఈ రెండూ పొసగకపోయినా ఫైలు చెల్లదని లోడ్ ఎర్రర్ ఇస్తుంది. కర్ల్ దీన్ని పట్టించుకోదు. కాబట్టి ఒకచోట పనిచేసిన ఫైలు ఇంకోచోట మొత్తంగా తిరస్కరణకు గురికావడం వింతేమీ కాదు. ఎర్రర్ వచ్చినప్పుడు అది చూపించే వరుసలో ముందుగా చూడాల్సింది ఈ చుక్కనే.

ట్యాబుల సంగతి. ఫైలును చాట్ సందేశంలోనో మెయిల్‌లోనో అతికించి పంపితే ట్యాబులు ఖాళీలుగా మారిపోతాయి. కంటికి తేడా తెలియదు. కొన్ని ఎడిటర్లు ఫైలును సేవ్ చేసేటప్పుడే ట్యాబులను ఖాళీలుగా మారుస్తాయి, వరుస చివరి ఖాళీలను కత్తిరిస్తాయి. విలువ ఖాళీగా ఉన్న కుకీ వరుస ట్యాబ్‌తో ముగుస్తుంది కదా, ఆ చివరి ట్యాబ్ తెగిపోతే 7 గడులు 6 అవుతాయి. పైథాన్ అక్కడ ఆగిపోతుంది. ఒక బృందం ప్రోగ్రాము ఒకరి కంప్యూటర్‌లో నడిచి మరొకరి దగ్గర నడవడం లేదని నన్ను పిలిచింది. ఇద్దరి దగ్గరా కోడ్ ఒకటే, లైబ్రరీ వెర్షన్లు ఒకటే. ఫైలును చాట్‌లో అతికించి పంపుకున్నారు, అంతే తేడా. కుకీ ఫైలును ఎప్పుడూ ఫైలుగానే పంపాలి, పాఠంగా కాదు. నిజానికి వేరొకరికి పంపడమే మంచిది కాదు, దాని గురించి చివర్లో చెబుతాను.

మొదటి వరుస కూడా ముఖ్యమే. ఇది నెట్‌స్కేప్ హెచ్‌టీటీపీ కుకీ ఫైలు అని ప్రకటించే వ్యాఖ్య అక్కడ ఉండాలని పైథాన్ పట్టుబడుతుంది. లేకపోతే, ఇది నెట్‌స్కేప్ పద్ధతి ఫైలులా లేదని చెప్పి ఆగిపోతుంది. ఆ వరుస కంటికి కనిపిస్తున్నా ఇదే ఎర్రర్ వస్తోందంటే, ఫైలు మొదట్లో కనిపించని బైట్ ఆర్డర్ గుర్తు ఉందేమో చూడండి. యూటీఎఫ్-8లో సేవ్ చేసేటప్పుడు కొన్ని ఎడిటర్లు దాన్ని చేరుస్తాయి. విండోస్‌లో పాత పవర్‌షెల్ నుంచి ఫలితాన్ని ఫైలులోకి మళ్ళిస్తే అది యూటీఎఫ్-16లో పడుతుంది. అదీ పనికిరాదు.

గడువు గడిలో సున్నా కాకుండా ఇంకో చిక్కు ఉంది. ఇప్పటి కాలం సెకన్లలో 10 అంకెల సంఖ్య. మీ ఫైలులో 13 అంకెలు ఉంటే అవి మిల్లీసెకన్లు. అంత పెద్ద సంఖ్యను సెకన్లుగా చదివితే గడువు వేల సంవత్సరాల అవతలికి పోతుంది, తీరిపోయిన కుకీలు కూడా బతికే ఉన్నట్లు కనిపిస్తాయి. ఇక జేసన్ రూపంలో ఎక్స్‌పోర్ట్ చేసే సాధనాలు గడువును దశాంశ సంఖ్యగా ఇస్తాయి. పూర్ణాంకంగా మార్చకుండా, బ్రౌజర్‌ను ప్రోగ్రాముతో నడిపే సెలీనియం వంటి వాటికి ఇస్తే ఒప్పుకోకపోవచ్చు. సెలీనియం విషయంలో మరో నియమం కూడా గుర్తుంచుకోండి: ముందు ఆ డొమైన్‌లోని ఏదో ఒక పేజీని తెరిచాకే దాని కుకీని చేర్చగలరు.

ఇప్పుడు అసలు పద్ధతికి వస్తాను. నా దగ్గరికి ఇలాంటి సమస్య వచ్చినప్పుడు ఊహలతో మొదలుపెట్టను. కుకీని మూడు చోట్ల వెతుకుతాను: ఫైలులో, జార్‌లో, సర్వర్‌కు వెళ్ళిన హెడర్‌లో. ఎక్కడి వరకు ఉంది, ఎక్కడ మాయమైంది అన్నది తెలిస్తే కారణం దానంతట అదే బయటపడుతుంది.

ఫైలులో ఉందా అన్నది తెలుసుకోవడానికి ముందు ఏ కుకీని వెతకాలో తెలియాలి. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ విభాగంలో మీ నివేదికల పేజీ అభ్యర్థనను ఎంచుకుని, అది పంపిన కుకీ పేర్లు చూడండి. గణాంకాల కోసం, ప్రకటనల కోసం పెట్టినవి చాలా ఉంటాయి. సెషన్, ఆథ్, టోకెన్ లాంటి మాటలు పేరులో ఉన్నవాటిని గుర్తు పెట్టుకోండి. పేరు చూసి తెలియకపోతే ప్రైవేటు విండోలో ఒకటొకటిగా కుకీలు తొలగిస్తూ పేజీని మళ్ళీ లోడ్ చేయండి. ఏది తీసేస్తే లాగిన్ పోయిందో అదే మీకు కావలసింది.

జార్‌లో చూసేటప్పుడు డొమైన్, పాత్, పేరు, గడువు ప్రింట్ చేయండి. విలువలు వద్దు. లాగ్ ఫైళ్ళలో పడిన విలువలు ఎవరెవరి చేతికో వెళ్తాయి. ఫైలులో హాష్‌తో మొదలయ్యే మామూలు వ్యాఖ్యలనూ ఖాళీ వరుసలనూ వదిలి మిగిలినవి లెక్కపెట్టి, జార్‌లోని సంఖ్యతో పోల్చండి. సంఖ్య తగ్గిందంటే లోడ్ దశలోనే రాలిపోయాయి. అప్పుడు పైన చెప్పిన సున్నా గడువు, హెచ్‌టీటీపీ ఓన్లీ కారణాలను చూడాలి.

మూడో చోటు చూడటంలోనే ఎక్కువమంది పొరబడతారు. రిక్వెస్ట్స్‌లో సమాధానం వస్తువు నుంచి, దానికి కారణమైన అభ్యర్థన హెడర్లు చూడవచ్చు. అయితే సర్వర్ మిమ్మల్ని లాగిన్ పేజీకి రిడైరెక్ట్ చేసి ఉంటే, మీకు కనిపించేది ఆ చివరి అభ్యర్థన హెడర్లు మాత్రమే. అసలు అభ్యర్థన హిస్టరీ జాబితాలో మొదటిది. దాని హెడర్లే చూడాలి. ఇంకా తేలికైన మార్గం, రిడైరెక్ట్‌లను అనుసరించవద్దని చెప్పి అభ్యర్థన పంపడం. 302 (వేరే పేజీకి వెళ్ళమనే స్థితి సంఖ్య) వచ్చిందంటే కుకీ నచ్చలేదని వెంటనే తెలుస్తుంది.

జార్‌లో ఉండి హెడర్‌లో లేదంటే గడువు సంగతి ముందే చూశాం. తర్వాత చిరునామాను చూడాలి. నాలుగో గడి ట్రూ అయిన కుకీ, చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైతేనే వెళ్తుంది. ప్రోగ్రాములో పొరపాటున హెచ్‌టీటీపీ రాసి ఉంటే, బ్రౌజర్ లాగా అది తనంతట తాను సర్దుకోదు. ఒక ఉపడొమైన్‌కు పరిమితమైన కుకీ పక్క ఉపడొమైన్‌కు వెళ్ళదు. మీరు సైటు ముఖ్య చిరునామాలో లాగిన్ అయి, ప్రోగ్రాములో ఏపీఐ ఉపడొమైన్‌ను పిలుస్తుంటే ఇదే అడ్డు కావచ్చు. పాత్ గడిలో ఒక ప్రత్యేక విభాగం రాసి ఉంటే ఆ విభాగం బయటి పేజీలకూ అది వెళ్ళదు.

ఇదంతా గొడవ ఎందుకు, కుకీలను డిక్షనరీగా మార్చి ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని చాలా సలహాలు కనిపిస్తాయి. దయచేసి ఆ దారి పట్టకండి. డిక్షనరీలో పేరు, విలువ తప్ప ఏమీ ఉండవు. డొమైన్, పాత్, భద్రత జెండా అన్నీ పోతాయి. రిక్వెస్ట్స్ సెషన్‌లో అలా చేర్చిన కుకీకి డొమైన్ ఖాళీగా ఉంటుంది, దాంతో ఆ సెషన్ నుంచి మీరు ఏ సైటును అడిగినా అది అక్కడికి వెళ్తుంది. మీ లాగిన్ టోకెన్ సంబంధం లేని సర్వర్లకు చేరుతుందన్నమాట. ఇది ఒక ప్రమాదం. రెండోది ఇంకా గడుసుగా దెబ్బ తీస్తుంది. సర్వర్ ఆ కుకీకి కొత్త విలువ ఇచ్చినప్పుడు అది అసలు డొమైన్ పేరుతో జార్‌లో చేరుతుంది. పాతది ఖాళీ డొమైన్ పేరుతో అలాగే ఉండిపోతుంది. అప్పటి నుంచి ఒకే పేరుతో రెండు కుకీలు, పాత విలువా కొత్త విలువా, కలిసి వెళ్తుంటాయి. సర్వర్ వాటిలో దేన్ని తీసుకుంటుందో దాని ఇష్టం. మొదటి అభ్యర్థన బాగా పనిచేసి, తర్వాత ఎక్కడో అంతుపట్టకుండా లాగిన్ పోతోందని ఎవరైనా చెబితే నేను అడిగే మొదటి ప్రశ్న డిక్షనరీ వాడారా అనే. పేరుతో జార్‌లో విలువను అడిగినప్పుడు ఒకే పేరుతో చాలా కుకీలున్నాయని ఎర్రర్ వస్తే, ఇదే జరిగిందేమో ముందు చూడండి.

కుకీ హెడర్‌ను చేత్తో రాసి పెట్టడం కూడా ఇలాంటిదే. అలా పెడితే జార్‌లోని కుకీలు ఆ అభ్యర్థనకు చేరవు. పైగా రిడైరెక్ట్ వచ్చినప్పుడు రిక్వెస్ట్స్ ఆ హెడర్‌ను తీసేసి, జార్ నుంచి కొత్తగా తయారు చేస్తుంది. జార్ ఖాళీగా ఉంటే రిడైరెక్ట్ తర్వాత కుకీలేమీ వెళ్ళవు. ఒక్క అభ్యర్థనతో పరీక్షించడానికి అది సరే, రోజూ నడిచే ప్రోగ్రాముకు కాదు.

తిరిగి సేవ్ చేయడం గురించి మీరు అడగలేదు, కానీ రేపో ఎల్లుండో అడుగుతారు. చాలా సైట్లు సెషన్ కుకీని మధ్యమధ్యలో కొత్త విలువతో మారుస్తాయి. పాతది కొంతసేపటికి చెల్లదు. ప్రతిసారీ మీరు తొలిరోజు దించుకున్న ఫైలునే లోడ్ చేస్తుంటే, ఒకరోజు హఠాత్తుగా అంతా ఆగిపోతుంది. రాత్రిపూట నివేదికలు దించే ఒక ప్రోగ్రాము సరిగ్గా ఇలాగే మొదటి రాత్రి బాగా నడిచి, రెండో రాత్రి నుంచి లాగిన్ పేజీలను నివేదికలుగా సేవ్ చేస్తూ పోయింది. సర్వర్ పంపిన కొత్త కుకీ ప్రోగ్రాము మెమరీలోకి వచ్చి, ప్రోగ్రాము ముగియగానే పోయేది. అందుకే రెండు జాగ్రత్తలు. పని ముగిశాక జార్‌ను ఫైలులోకి సేవ్ చేయాలి. దించిన పేజీ నిజంగా మీకు కావలసినదేనా అని దానిలోని ఏదో ఒక గుర్తుతో పరీక్షించాలి. అంతా సవ్యమని చెప్పే 200 అనే స్థితి సంఖ్యను నమ్మి ఊరుకోకూడదు, లాగిన్ పేజీ కూడా 200తోనే వస్తుంది.

సేవ్ చేయడంలో ఒక మెలిక ఉంది. సెషన్ కుకీలను అప్‌డేట్ ఫంక్షన్‌తో మీ జార్ నుంచి నింపితే, జరిగేది నకలు చేయడం. ఆ తర్వాత సర్వర్ ఇచ్చే కొత్త కుకీలు సెషన్ లోపలి జార్‌లోకి పోతాయి. మీరు మీ మొదటి జార్‌ను సేవ్ చేస్తే పాతవే మళ్ళీ రాసినట్లు అవుతుంది. దీనికి బదులు మొజిల్లా జార్‌నే నేరుగా సెషన్ కుకీల స్థానంలో పెట్టండి. అప్పుడు కొత్తవీ పాతవీ అన్నీ అందులోనే ఉంటాయి. సేవ్ చేసేటప్పుడు కూడా ఇగ్నోర్ డిస్కార్డ్ ట్రూ ఇవ్వాలి, లేకపోతే సెషన్ కుకీలు ఫైలులోకి వెళ్ళవు. పైథాన్ సేవ్ చేసిన ఫైలులో సెషన్ కుకీల గడువు గడి ఖాళీగా ఉంటుంది. అదే ఫైలును ఇతర సాధనాలతో కూడా చదివించాలనుకుంటే ఆ గడిలో 0 రాయించండి. తిరిగి లోడ్ చేసేటప్పుడు పైన చెప్పిన మరమ్మతు ఎటూ ఉంటుంది.

రాసేటప్పుడు అదే ఫైలు మీద నేరుగా రాయకుండా, అదే ఫోల్డరులో తాత్కాలిక ఫైలుగా రాసి, పూర్తయ్యాక పేరు మార్చండి. మధ్యలో ప్రోగ్రాము ఆగిపోయినా పాత ఫైలు చెక్కుచెదరదు. ఒకే ఫైలును రెండు ప్రోగ్రాములు ఒకేసారి వాడేలా పెట్టకండి, ఒకటి రాసిన కొత్త కుకీని రెండోది పాతదానితో తుడిచేస్తుంది. బ్రౌజర్‌కూ ప్రోగ్రాముకూ ఒకే సెషన్ ఇవ్వడం కూడా ఇలాంటి తగాదాకే దారి తీస్తుంది: ప్రోగ్రాము కుకీని మార్పించుకుంటే బ్రౌజర్ లాగౌట్ అవుతుంది, బ్రౌజర్ మార్పించుకుంటే ప్రోగ్రాము లాగౌట్ అవుతుంది. దీనికి నేను చేసేది ఇదీ: ప్రైవేటు విండో తెరిచి, అందులో కొత్తగా లాగిన్ అయి, కుకీలను దించుకుని, లాగౌట్ నొక్కకుండా ఆ విండోను మూసేస్తాను. ఆ సెషన్ ఇక ప్రోగ్రాముకే సొంతం.

కర్ల్ వాడేవారికి రెండు మాటలు. చిన్న బి ఐచ్ఛికం ఫైలును చదువుతుంది, చిన్న సి ఐచ్ఛికం పని ముగిశాక ఫైలులోకి రాస్తుంది. మొదటిది ఒక్కటే ఇస్తే మార్పులు ఎక్కడా మిగలవు. బి తర్వాత ఇచ్చిన పాఠంలో సమానం గుర్తు ఉంటే కర్ల్ దాన్ని ఫైలు పేరుగా కాక కుకీగానే తీసుకుంటుంది కాబట్టి, ఫైలు పేరులో ఆ గుర్తు లేకుండా చూసుకోండి. డబ్ల్యూగెట్‌లో సెషన్ కుకీలను నిలిపి ఉంచమని విడిగా ఒక ఐచ్ఛికం ఇవ్వాలి. గో భాష ప్రామాణిక కుకీ జార్ మెమరీలో మాత్రమే ఉంటుంది. ఒక చిరునామాకు కుకీలు ఇమ్మంటే పేరు, విలువ మాత్రమే ఇస్తుంది, డొమైన్ గానీ గడువు గానీ తిరిగి రావు. కాబట్టి అందులో ఫైలులోకి రాయాలంటే సర్వర్ ఇచ్చిన కుకీలను వచ్చినప్పుడే పట్టుకోవాలి. జావా ప్రామాణిక కుకీ మేనేజర్ కూడా డిఫాల్ట్‌గా మెమరీకే పరిమితం.

ఎక్స్‌టెన్షన్ లేకుండా బ్రౌజర్ సొంత ఫైలునే చదవవచ్చా అంటే, ఫైర్‌ఫాక్స్‌లో చదవవచ్చు. అది కుకీలను ఎస్‌క్యూలైట్ డేటాబేసులో, విలువలకు ఎన్‌క్రిప్షన్ లేకుండా దాస్తుంది. అయితే బ్రౌజర్ తెరిచి ఉండగా కొత్త మార్పులు పక్కనున్న వాల్ ఫైలులో (ముఖ్య ఫైలులో ఇంకా కలవని మార్పుల చిట్టా) ఉంటాయి. ముఖ్య ఫైలు ఒక్కటే కాపీ చేసుకుంటే తాజా లాగిన్ దొరకదు. సెషన్ కుకీలు అసలు ఆ డేటాబేసులో ఉండవు. క్రోమ్ విషయం వేరు. విలువలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, తాళం ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉంటుంది. విండోస్‌లో 2024లో వచ్చిన 127వ వెర్షన్ నుంచి ఆ తాళాన్ని క్రోమ్‌కే కట్టేశారు, కుకీలు దొంగిలించే మాల్వేర్‌ను అడ్డుకోవడానికి. దాన్ని ఛేదించే ప్రయత్నాలు మానుకుని ప్రత్యామ్నాయం చూసుకోవడమే మంచిది. క్రోమ్ డేటాబేసులో కాలం 1601 జనవరి 1 నుంచి మైక్రోసెకన్లలో ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. సెకన్లకు మార్చి 11644473600 తీసేస్తే మనకు అలవాటైన లెక్క వస్తుంది.

అన్నీ సరిగ్గా ఉండి, హెడర్‌లో సరైన కుకీ వెళ్తూ, అయినా లాగిన్ పేజీ వస్తే? అప్పుడు సమస్య ఫైలులో లేదు. కొన్ని సర్వర్లు సెషన్‌ను, అడుగుతున్నది ఏ బ్రౌజరో చెప్పే యూజర్ ఏజెంట్ హెడర్‌కో, ఐపీ చిరునామాకో ముడిపెడతాయి. మీ బ్రౌజర్ పంపే యూజర్ ఏజెంట్‌నే ప్రోగ్రాములో పెట్టి చూడండి. ఇంట్లో లాగిన్ అయి క్లౌడ్ సర్వర్‌లో ప్రోగ్రామును నడిపితే ఐపీ మారుతుంది. ఫారాలు పంపేచోట కుకీతో పాటు సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (ఫారం ఆ సైటు పేజీ నుంచే వచ్చిందని రుజువు చేసే రహస్య విలువ) కూడా కావాలి, అది పేజీలోంచి ప్రతిసారీ తీసుకోవాల్సిందే. కొన్ని సైట్లలో అసలు లాగిన్ కుకీలోనే ఉండదు, బ్రౌజర్ లోకల్ స్టోరేజీలో ఉండి ఆథరైజేషన్ హెడర్‌లో వెళ్తుంది. అలాంటిచోట కుకీ ఫైలుతో ఎంత కుస్తీ పట్టినా ఫలితం ఉండదు. ఫైలులో గడువు ఇంకా ఏడాది ఉందని ధీమా పడవద్దు కూడా. ఆ తేదీ బ్రౌజర్‌కు చెప్పినది మాత్రమే, సర్వర్ తన వైపు సెషన్‌ను ఎప్పుడైనా రద్దు చేయవచ్చు.

మీకు కావలసిన సమాచారానికి సైటు అధికారికంగా ఏపీఐ టోకెన్ ఇస్తుంటే అదే తీసుకోండి. దానికి పరిమిత అనుమతులు ఉంటాయి, విడిగా రద్దు చేసుకోవచ్చు. కుకీ ఫైలు దారి మీ సొంత ఖాతాకు, సైటు నియమాలు అనుమతించిన మేరకు మాత్రమే.

చివరిగా భద్రత. ఈ ఫైలు ఉన్నవారికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా అక్కర్లేదు. ఆ రెండూ దాటాక వచ్చిన ఫలితమే ఇందులో ఉంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు బ్రౌజర్‌లోని కుకీలన్నీ కాకుండా ఆ ఒక్క సైటువే తీసుకోండి. మెయిల్, బ్యాంకు లాగిన్లు కూడా అదే ఫైలులో పడి ఉన్న సందర్భాలు ఎన్నో చూశాను, వాటి యజమానులకు ఆ సంగతే తెలియదు. కుకీలన్నీ చదవగల ఎక్స్‌టెన్షన్‌ను పని కాగానే తీసేయండి. లినక్స్‌లో ఫైలు అనుమతులను 600కు (యజమాని మాత్రమే చదివి రాయగలిగేలా) మార్చండి, గిట్ పట్టించుకోని ఫైళ్ళ జాబితాలో దాని పేరు ముందే చేర్చండి. ఒకసారి కమిట్ అయిపోతే తర్వాత చెరిపినా చరిత్రలో మిగిలిపోతుంది. ఫైలు బయటికి పొక్కిందని అనుమానం వస్తే దాన్ని డిలీట్ చేయడం వల్ల ప్రయోజనం లేదు, సెషన్ సర్వర్‌లో బతికే ఉంటుంది. ఖాతా సెట్టింగులలోకి వెళ్ళి అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి, ఆ తర్వాత ప్రైవేటు విండోలో మళ్ళీ లాగిన్ అయి కొత్త ఫైలు దించుకోండి.